గంగామణి పన్ను నొప్పి పోయిన తర్వాత

గంగామణికి పన్ను నొప్పి పోయిన పొద్దున ఇంట్లో అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. ఎన్నో రోజులుగా కుడి దవడ అరచేత్తో పట్టుకుని గోడకు తల ఆనించి కూర్చున్న మనిషి ఆ రోజు లేచి వాకిలి ఊడ్చింది. కోడలిని కేకేసి చాయ్ అడిగింది. జొన్నరొట్టె చాయ్‌లో ముంచుకుని నిదానంగా తిన్నది. "పోయిందే కృపా, గుంజుడు మొత్తం పోయింది" అన్నదట. వాళ్లు భయపడవలసింది సరిగ్గా ఆ పొద్దున. అది తెలిసినవాళ్లు ఆ ఇంట్లోనే కాదు, ఆ వాడలోనే లేరు.

గంగామణిది ఎల్లారెడ్డి. యాభైకి దగ్గరపడిన మనిషి, బక్కపలచటి ఒళ్లు, నోరు మాత్రం పెద్దది. భర్త లింగం నాట్లకూ కోతలకూ కూలికి పోతాడు. కొడుకు నగేశ్ కామారెడ్డిలో బియ్యం మిల్లులో హమాలీ, వీలు దొరికినప్పుడు ఇంటికి వస్తాడు. కోడలు కృపాజ్యోతి అత్త పక్కనే కూర్చుని బీడీలు చేస్తుంది. ఈ వైపు ఏ వాడలోకి వెళ్లినా ఇదే దృశ్యం. ఒడిలో చాట, చాటలో తడిపిన తునికాకు, పక్కన తంబాకు, ఆకు కత్తిరించే కత్తెర. నేను చాలా ఊళ్లు తిరిగాను, నేత చూశాను, బుట్టల అల్లిక చూశాను, కంచుపని చూశాను. ఎక్కడైనా పనిచేసేవాళ్ల కళ్లు పని మీదే ఉంటాయి. బీడీ ఒక్కటే కళ్లతో నిమిత్తం లేని పని. చూపు టీవీ మీదో, పక్కింటి తగాదా మీదో ఉంటుంది. వేళ్లు వాటంతట అవి ఆకు చుట్టి, తంబాకు కూరి, దారం కట్టి, చిన్న ఇనుప పుల్లతో మూతి మడిచి పడేస్తాయి.

ఆ ఇనుప పుల్లతోనే ఆమె ప్రమాదాన్ని లోపలికి దోపుకుంది.

తంబాకుతో బతికే ఇండ్లలో తంబాకే మందు. జలగ పట్టినా అదే, తేలు కుట్టినా అదే, పన్ను గుంజినా అదే. గంగామణి కుడి కింది దవడలో చివరి పన్ను ఎప్పుడో పుచ్చి బోలుపడింది. నొప్పి లేచినప్పుడల్లా చాట అడుగున మిగిలిన తంబాకు నుసిని వేలికొసతో తడిపి ఉండ చేసి, ఇనుప పుల్లతో ఆ బోలులోకి కూరేది. బీడీలో కూరినట్టే గట్టిగా, చేయి తిరిగిన పద్ధతిలో. ఇది ఉత్త నమ్మకమైతే ఆమె ఎప్పుడో మానేసేది. చిక్కల్లా కాసేపు పనిచేయడమే. నోరు మండుతుంది, తల కాస్త తిరుగుతుంది, పన్ను మొద్దుబారుతుంది. ఆ వాడలో సగంమంది ఆడవాళ్లు అట్లాగే నొప్పిని సాగదీసుకుంటూ వస్తున్నారు. చివరికి నొప్పి పూర్తిగా పోయేసరికి, ఆ ఘనత కూడా తంబాకు ఖాతాలోకే వెళ్లింది.

ఆ సాయంత్రానికి గదవ కింద, అంటే గడ్డం కింద, మెత్తటి వాపు కనిపించింది. మర్నాటికి అది మెత్తగా లేదు.

పక్కింటి ఎంకవ్వ చూసి చాట దించి దగ్గరికొచ్చింది. ఎంకవ్వది వాడలో పెద్ద వయసు. పిల్లలకు దిష్టి తీయడం దగ్గర్నుంచి పెద్దలకు రోగం పేరు చెప్పడం దాకా ఆమె బాధ్యతే.

"ఏందే గంగా, గదవ కింద పూరీ లెక్క పొంగింది?"

"తెల్వదవ్వా. నొప్పి పోయిందని సంబరపడ్డ, వాపొచ్చె."

"గవదలే. నా మనుమనికి గిట్లనే లేచినయి. బంగారం తగిలితే దిగిపోతయి."

"మాకెక్కడి బంగారమవ్వా?"

"నా గొలుసు లేదా? మెడకు రెండు సుట్లు తిప్పి ఏస్త. వాపుకు తగలాలె గని, సోకుకు గాదు."

గంగామణి అప్పటికింకా నవ్వగలుగుతోంది. "నీ బంగారం మీద నీకు మస్తు నమ్మకమున్నది గని, నా మెడ మీద నాకే లేదవ్వా" అన్నది. అయినా వేయించుకుంది. గవదలకు, అంటే గవదబిళ్లలకు, బంగారం తగిలించడం తెలుగునేల మీద చాలాచోట్ల ఉన్న అలవాటే. మామూలు గవదలు వాటంతట అవే తగ్గిపోతాయి కాబట్టి బంగారం ఎప్పుడూ ఓడిపోలేదు. వాపుతోపాటు వచ్చిన జ్వరం కూడా ఊళ్లో వేయించుకున్న సూదితో కాస్త దిగింది. అందరూ అనుకున్నారు, ఇక ఇది దిగుముఖమే అని.

మర్నాడు తెల్లారేసరికి గొలుసు కనిపించలేదు. పోలేదు; వాపులో మునిగింది. రెండు చుట్ల గీతలు తప్ప పైకి ఏమీ లేదు. కొక్కెం పట్టుకుందామంటే గోరు దూరదు. మెడ ఎర్రగా, మెరుస్తూ, ముట్టుకుంటే చెక్కలాగా ఉంది. గంగామణి మాట్లాడబోతే నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చింది. ఉమ్మి మింగలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లింగం ఆకు కత్తెర పట్టుకుని గొలుసు వైపూ ఎంకవ్వ వైపూ చూస్తూ నిలబడ్డాడు.

"ఏం జూస్తున్నవురా? కొయ్యి! గొలుసు పోతే పోయింది" అని అరిచింది ఎంకవ్వ. ఆ ముసలిది బంగారం పోతే పోనీ అనడం కృపాజ్యోతి మొదటిసారి విన్నదట. తన భయం కూడా ఆ క్షణంలోనే మొదలైందని నాతో చెప్పింది.

నేను వాళ్లను చూసింది ఆ మధ్యాహ్నమే, ఎల్లారెడ్డి బస్టాండులో. నిజాంసాగర్ వైపు ఊరికే తిరిగి, కామారెడ్డిలో ఏదో ఒక రైలు పట్టుకుందామని బస్సెక్కాను. ముందు సీటులో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. కూర్చోవడం కూడా కాదు, ఎదుటి కడ్డీని రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి, గదవ చాచి, నోరు కొద్దిగా తెరిచి, గాలిని వెతుక్కుంటున్నట్టు ఉంది. పెదవి చివర నుంచి ఉమ్మి ఆగకుండా కారుతోంది. పక్కన కోడలు తుడుస్తోంది. మెడ చుట్టూ, కోసి తీసిన గొలుసు దిగబడిన గుర్తులు అప్పటికీ మాయలేదు.

కండక్టరు రమ్య టికెట్లు కొట్టుకుంటూ వచ్చి ఆగింది. "అయ్యో, గిట్ల వంగి కూసుంటే పానం పోతది గదా. ఎనుక సీటు మొత్తం ఖాళీగున్నది, ఆడ పండవెట్టుండ్రి."

లింగానికి ఆ మాట నచ్చింది. రోగం వచ్చిన మనిషిని పడుకోబెట్టడం కంటే సహజమైనది ఏముంది? భుజం పట్టి లేపబోయాడు. గంగామణి కడ్డీ వదల్లేదు. అతను ఇంకాస్త బలంగా వెనక్కి వంచాడు. ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. గురకా కాదు, ఈలా కాదు. ఎండిన ఆకుల సంచిని ఎవరో నేల మీద ఈడ్చినట్టు. కళ్లు పెద్దవయ్యాయి. మోచేత్తో భర్త గుండెల మీద పొడిచి మళ్లీ ముందుకు వంగింది.

ఎప్పుడో, ఏ ఊరి గ్రంథాలయంలోనో, పాత వైద్యుల అనుభవాలు చదివాను. దాదాపు రెండు వందల ఏళ్ల కింద ఒక జర్మన్ వైద్యుడు ఈ రకం మెడవాపును వర్ణించాడు. గొంతు నులిమేసే రోగమని దానికి పేరొచ్చింది. ఆ కాలంలో దాని బారిన పడి బతికినవాళ్లు తక్కువ. చదివినదాంట్లో చాలా మర్చిపోయాను గానీ ఒక్కటి మిగిలింది. గాలి ఆడని మనిషి ఏ తీరున కూర్చుంటే కాస్త గాలి దొరుకుతుందో ఒళ్లు తానే కనిపెడుతుంది, ఆ తీరును చెడగొట్టకూడదు.

"పండవెట్టకుండ్రి" అన్నాను. "ఆమె ఎట్ల కూసుంటే గట్లనే ఉండనియ్యిండ్రి."

లింగం కోపంగా తిరిగాడు. "నువ్వు డాక్టరువా బాపూ?"

"కాదు. బుక్కులు సదివేటోణ్ణి."

"బుక్కులల్ల గవదల సంగతి గూడ ఉంటదా?"

"ఉంటది. ఇవి గవదలు కావేమో అని గూడ ఉంటది."

అతని ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. అది చూసి, అనకపోతే బాగుండేదేమో అనిపించింది. కానీ భార్య భుజం మీద చెయ్యి తీశాడు. రమ్య మాత్రం నన్ను ఏమీ అడగలేదు. నేరుగా డ్రైవరు దగ్గరికి వెళ్లి, "అన్నా, కామారెడ్డి దాక ఎక్కడ ఆపకు. పానం మీదికొచ్చింది" అని చెప్పింది.

లింగంపేట దాటాం. అడవి మొదలైంది. రోడ్డు గుంతలో చక్రం పడ్డప్పుడల్లా ఆ ఆకుల శబ్దం ఆగేది. మళ్లీ మొదలయ్యేదాకా బస్సులో అందరి చూపూ ముందు సీటు మీదే ఉండేది. తాడ్వాయి దగ్గర ఒకాయన లేచి, "ఏయ్, నా స్టేజి దాటిపాయె!" అని గొడవకు దిగాడు.

"దాటితే మర్లి నడువు" అంది రమ్య. "నీ గొంతు మంచిగనే ఉన్నది గద, దారంత ఒర్రుకుంట పో."

ఆయన ముందు సీటు వైపు చూసి కూర్చున్నాడు. ఇక ఆ శబ్దం తప్ప ఏమీ లేదు. కృపాజ్యోతి కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది, పెదవులు మాత్రమే కదులుతున్నాయి. నేను కూడా నా ఊపిరిని ఆమె ఊపిరితో కలిపి తీసుకుంటున్నానని చాలాసేపటికి గానీ గమనించలేదు.

కృపాజ్యోతి ఫోన్ అందుకుని కామారెడ్డి బస్టాండు బయట నగేశ్ ఆటోతో నిలబడి ఉన్నాడు, ఒంటి మీద మిల్లు తవుడు కూడా దులుపుకోలేదు. తల్లిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఎవరూ రమ్మనకపోయినా నేనూ ఆటోలో ఒక మూల ఎక్కాను. రైలు సంగతి గుర్తుకు రాలేదు.

ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ పేరు పల్లవి. సదాశివనగర్ వైపు రైతుల ఇంటి పిల్ల, మాటలోనే తెలుస్తోంది. లోపలికి వస్తూనే, మంచం మీద పడుకోబెట్టబోతున్న నర్సును ఆపి, వెనక దిండ్లు పెట్టించి కూర్చోబెట్టింది. ముక్కు దగ్గర ఆక్సిజన్, చేతికి సెలైన్, దాంట్లోంచి మందులు మొదలయ్యాయి. నోరు తెరవమంటే గంగామణి పళ్ల మధ్య వేలు పట్టేంత సందు కూడా రాలేదు. ఆ సందులోంచి టార్చి కొట్టి చూస్తే నాలుక తన చోటులో లేదు. కింది నుంచి ఎవరో ఎత్తిపెట్టినట్టు అంగిలికి ఆనుకుని ఉంది. డాక్టరమ్మ గదవ కింద రెండు వేళ్లు పెట్టి నొక్కింది, తీసేసింది.

"గవదలు చెవుల కింద లేస్తయి. ఇది గదవ కింద, రెండు దిక్కులా గట్టిగున్నది. పన్ను నొప్పి ఉండెనా?"

"ఉండె మేడం, పోయింది" అన్నది కృపాజ్యోతి.

"ఎప్పుడు మొదలైందో నాకొద్దు. ఎప్పుడు పోయింది?"

కృపాజ్యోతి చెప్పింది. వాకిలి ఊడ్చిన పొద్దు, రొట్టె తిన్న పొద్దు. చెబుతుంటేనే ఆ పిల్ల, ఆ పొద్దుకూ ఈ మధ్యాహ్నానికీ సంబంధం ఉందని డాక్టరమ్మ ముఖంలో చూసింది.

"మీరు పొలం పని చేసేటోళ్లే గద" అంది పల్లవి లింగం వైపు తిరిగి. "ఒక మడి నిండి ఒడ్డు తెగితే నీళ్లు ఏడికి పోతయి?"

"కింది మడిలకు పోతయి."

"గట్లనే అయింది. పన్ను కింద చీము పట్టింది. లోపల ఇరుకైనంతసేపు నొప్పి. దవడ ఎముకను తొలుచుకొని బయటవడ్డది, నొప్పి పోయింది. గిప్పుడు నాలుక కింద మడి నిండింది. ఆడికెల్లి మెడలకు, మెడకెల్లి గుండె దాక దారి ఉన్నది. కని దానికంటె ముందు గాలి దారి మూసుకపోతది. గదే నా భయం."

మనిషి మెడ బయటికి ఒక్క స్తంభంలా కనిపిస్తుంది గానీ లోపల ఉల్లిగడ్డలాగా పొరలు పొరలు. ఆ పొరల మధ్య సందులు ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఉన్నట్టే తెలియవు. అన్నం, నీళ్లు, గాలి, మాట, మెదడుకు పోయే నెత్తురు, అన్నీ ఆ పిడికెడు జాగాలోంచే నడుస్తాయి. అంత ఇరుకు సందులో ప్రాణాన్ని నడిపించిన ప్రకృతి మీద నాకు ఆ రోజు కోపం వచ్చింది.

స్కాన్ చేస్తే చీము ఎక్కడిదాకా పోయిందో తెలుస్తుంది. కానీ స్కాన్‌కు వెల్లకిలా పడుకోవాలి. "స్కాన్ తర్వాత, ముందు ఊపిరి" అంది పల్లవి. నోట్లోంచి గొట్టం వేసే దారి లేదు. మెడ కింది భాగంలో, వాపుకు దిగువన, గాలిగొట్టానికే రంధ్రం పెట్టి చిన్న గొట్టం దించాలి. మత్తిచ్చి నిద్రపుచ్చితే కండరాలు వదులై ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది కాబట్టి, చోటు మాత్రం మొద్దుబార్చి, మెలకువగా ఉండగానే, కూర్చున్నట్టుగానే చేయాలి.

నగేశ్ మధ్యలోకి వచ్చాడు. "మెలకువ మీద గొంతు కోస్తరా? వద్దు మేడం. హైదరాబాద్ తీస్కపోతం. అంబులెన్స్ ఇయ్యిండ్రి."

"తీస్కపోవచ్చు. కని గాలికి దారి చెయ్యకుంట పంపిస్తే దారిల ఆగిపోతది. బిక్కనూరు గూడ దాటరు."

"గంత ఖచ్చితంగ ఎట్ల జెప్తరు?"

"ఖచ్చితంగ జెప్తలేను తమ్మీ. భయంతోటి జెప్తున్న."

నగేశ్ తండ్రి వైపు చూశాడు. లింగం గోడ వైపు చూశాడు. "కోసినంక మాట ఒస్తదా?" అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి కాదు. "ఆమె నోరే గద... ఆమె అంటెనే నోరు."

"గొట్టం ఉన్నన్ని రోజులు రాదు. తర్వాత వస్తది, అని నమ్ముతున్న" అంది డాక్టరమ్మ. తర్వాత వీళ్లందరినీ పక్కకు జరిపి మంచం ముందు వంగి కూర్చుంది, గంగామణి కళ్లకు ఎదురుగా. అప్పటిదాకా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదని నాకు అప్పుడే తట్టింది.

"గంగామణమ్మా, విన్నవు గద. ఇక్కడ చిన్న దారి చేస్త. నువ్వు మెలకువగనే ఉంటవు. మాట రాదు, భయమైతది. నేను ఎదురుంగనే ఉంట. చెయ్యన్నా?"

గంగామణి కాసేపు ఊపిరి తీసుకోవడమే చేసింది. ఆ తర్వాత కడ్డీ పట్టుకున్నట్టు మంచం పట్టుకున్న చేతుల్లో ఒకటి వదిలి, డాక్టరమ్మ వేలును పట్టుకుని తన మెడ కింది గుంటలో పెట్టుకుంది. ఇక్కడేనా అన్నట్టు చూసింది. పల్లవి తలూపింది. గంగామణి కూడా ఊపింది.

మెడలోని పసుపు పుస్తెలతాడు తీయాలన్నారు. లింగం చేతులు మెడ దాకా వెళ్లి ఆగిపోయాయి. కృపాజ్యోతి ముందుకొచ్చి మెల్లగా తీసి, అత్త మణికట్టుకు చుట్టి ముడివేసింది. "మెడల లేకుంటె ఏంది, మీదనే ఉన్నది గద అత్తా" అన్నది.

తలుపు మూసుకుంది. బయట వరండాలో ఎండ కాళ్ల మీద పడుతోంది, ఎవరూ జరగలేదు. లోపల నుంచి ఆ ఆకుల శబ్దం వినిపిస్తూనే ఉంది. వినిపించడం భరించలేకపోయాం. ఒక క్షణంలో అది ఆగిపోయింది. ఆగిపోవడం ఇంకా భరించలేకపోయాం. నగేశ్ తలుపు మీదికి వెళ్లబోయాడు, లింగం అతని చొక్కా పట్టుకున్నాడు. అప్పుడు ఒక పెద్ద దగ్గు, మనిషి గొంతు లేని దగ్గు, గాలి ఒక్కటే బద్దలై బయటికొచ్చినట్టు. ఆ వెనక మళ్లీ నిశ్శబ్దం.

పల్లవి తలుపు తీసింది. మాస్కు కిందికి లాగి, "గాలి ఆడుతున్నది" అని, గోడకు ఆనుకుంది. లోపల గంగామణి మొదటిసారి వెనక్కి వాలి ఉంది. ఛాతీ నిండుగా లేచి పడుతోంది.

తర్వాతి పనులు ఒకదాని వెనక ఒకటి జరిగాయి. స్కాన్ తీశారు. మెడకు గంట్లు పెట్టి చీము తీశారు. ఏ మందుకు లొంగుతుందో చూడటానికి కాస్త పరీక్షకు పంపారు. ఆ పన్ను పీకేశారు. బోలులోంచి తంబాకు నల్లటి రాయిలాగా ఊడివచ్చింది. నెత్తురులో చక్కెర విపరీతంగా ఉందని తేలింది. అది ఎప్పట్నుంచి ఉందో ఆమెకూ తెలియదు, ఎవరూ చూడలేదు. చక్కెర ఉన్న ఒంట్లో చీముకు అడ్డు తక్కువని డాక్టరమ్మ చెప్పింది.

భయం మాత్రం తలుపు తీసినంత మాత్రాన పోలేదు. జ్వరం మళ్లీ ఎక్కింది. చీము ఛాతీ వైపు జారిందేమోనని మరోసారి స్కాన్‌కు తీసుకుపోయారు, మరోసారి గంటు పెట్టారు. నేను స్టేషను దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. పొద్దున లేవగానే ఆసుపత్రికి వెళ్లడం, వరండాలో లింగం కూర్చుని ఉన్నాడా లేడా అని మలుపు దగ్గరి నుంచే చూడడం. కూర్చుని ఉంటే ఆమె ఉన్నట్టు. ఒక పొద్దున ఆ చోటు ఖాళీగా కనిపించి వార్డు దాకా పరుగెత్తాను. అతను చాయ్ తేవడానికి పోయాడు, అంతే.

మెల్లగా జ్వరం దిగింది. నాలుక తన చోటికి తాను వచ్చింది. మెడ చెక్కదనం పోయి మనిషి మెడలా అయింది. ఎంకవ్వ ఎల్లారెడ్డి నుంచి వచ్చి చూసింది. పోతూ పోతూ కృపాజ్యోతిని పక్కకు పిలిచి, తన నోరు తెరిచి, "నా దవడల గూడ ఒక్కటి ఉన్నది, డాక్టరమ్మకు చూపియ్యి" అన్నది.

ఇక గొట్టం తీయాలి. ముందు చిన్న గొట్టం మార్చి, దాన్ని మూసి, ముక్కుతో గాలి ఆడుతుందో లేదో చూడాలి. ఆ పొద్దున పల్లవి మూత పట్టుకుని దగ్గరికి వచ్చేసరికి గంగామణి ఆమె మణికట్టును పట్టుకుంది. వదల్లేదు.

"అమ్మా, నీ దారి నీకు తెరుచుకున్నది. ఇంక ఇది అక్కర లేదు."

గంగామణి తల అడ్డంగా ఊపింది. ఆ రంధ్రానికి ఎంత భయపడిందో, ఇప్పుడు అది మూసుకుపోవడానికి అంతకంటే ఎక్కువ భయపడుతోంది. పాత దారి ఒకసారి మోసం చేసింది; దాన్ని మళ్లీ ఎట్లా నమ్మడం? కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చెయ్యనియ్యి అత్తా" అన్నది కృపాజ్యోతి.

"గీ గొట్టంతోటే ఎల్లారెడ్డికి పోతవా ఏంది?" అన్నాడు నగేశ్, నవ్వించబోయి.

పల్లవి మూత పక్కన పెట్టింది. గంగామణి చూపుడువేలును శుభ్రంగా తుడిచింది. "నేను ముయ్య. నువ్వే ముయ్యి. భయమైతే నువ్వే తియ్యి."

ఆ వేలు తంబాకు మరకతో కొసన గోధుమరంగులో ఉంది. గంగామణి దాన్ని గొట్టం మూతి మీద పెట్టి, వెంటనే తీసేసింది. మళ్లీ పెట్టింది. ఛాతీ ఒక్కసారి ఆగింది. కళ్లు బస్సులో చూసినట్టే పెద్దవయ్యాయి. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. గాలి లోపలికి పోయింది, మళ్లీ బయటికి వచ్చింది, ఏ శబ్దమూ లేకుండా.

ఆమె భర్త వైపు చూసింది. లింగం మంచం కాళ్ల దగ్గర నోరు తెరుచుకుని కదలకుండా నిలబడి ఉన్నాడు.

"ఏందయ్యా గట్ల సూస్తవు" అన్నది గంగామణి. బొంగురుగా, సగం గాలిగా, కానీ మాటే. "నువ్వన్న ఊపిరి తీస్కో."

ఆ మాట అయిపోగానే భయమేసి వేలు తీసేసింది. కాసేపటికి, ఎవరూ చెప్పకుండానే, మళ్లీ పెట్టింది.